ఏడో మెట్టు దాకా సిగ్నల్

నేను ఒక పాత వైఫై పెట్టెను. రెండు కొమ్ములుంటాయి, ఎడమది విరిగితే జిగురు పెట్టి అతికించారు. ఎక్కడో పెద్ద ఫ్యాక్టరీలో తొడుగులు వేసుకున్న చేతులు నన్ను బిగించి, దీపాలు వెలుగుతున్నాయో లేదో చూసి, అట్టపెట్టెలో పడుకోబెట్టాయి. తణుకులో కేబుల్ వీరబాబు ఆఫీసు గోడకి రెండేళ్ళు వేలాడాను. తరవాత అతనే నన్ను దించి తెచ్చి పుష్పవల్లి గారి హాల్లో పెట్టాడు.

ఆవిడ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ఒక్కతే కూతురు తన్మయి, ఇంటర్ చదువుతోంది. తొమ్మిదో ఏటి నుంచి ఆ పిల్లకి షుగరు. చేతికి రూపాయి బిళ్ళంత సెన్సర్ అంటించి ఉంటుంది. షుగర్ ఎంతుందో అది పిల్ల ఫోనుకి చెబితే, నా మీదుగా తల్లి ఫోనుకి చేరుతుంది. ఆ అంకె డెబ్భై కిందకి దిగిపోతే పిల్ల కళ్ళు తిరిగి పడిపోవచ్చు. అంచేత ఆవిడ ప్రాణమంతా నా దీపాల్లోనే ఉండేది.

నా మీద చెయ్యేసి చూసి, "ఒళ్ళు కాలిపోతోందే దీనికి" అని విసనకర్రతో విసిరేది. దూరాన ఉరిమితే ప్లగ్గు పీకేది. పీకాక అంకె రావట్లేదని మళ్ళీ పెట్టేది. ఒకసారి లోపలికి బల్లి దూరుతుందేమోనని నన్ను ఇనప బీరువాలో పెట్టి తలుపేసింది. లోపల నేనెంత అరిచినా బయటికి పోలేదు. మనుషులు కాపాడాలనుకున్నదాన్నే ముందు ఊపిరాడకుండా చేస్తారు.

పరీక్షలు దగ్గరపడ్డాయని తన్మయి మేడ గది అడిగింది. "కింద నీ మిషను చప్పుడుకి తలకెక్కట్లేదమ్మా."

"నీ అంకె నా ఫోనులోకి వస్తే పైనే ఉండు. రాకపోతే దిగిపో."

స్లాబు దాటి నా గొంతు పోదు. ఆ గదిలో సిమ్ముకీ సిగ్నల్ ఉండదు. దాంతో ఆవిడ పది నిమిషాలకోసారి మెట్లెక్కడం.

"ఇప్పుడే కదమ్మా వచ్చి చూశావ్."

"చూస్తే అరిగిపోతావా? చెయ్యి చూపించు."

చివరికి వీరబాబుని పిలిచారు. హాల్లో కొత్త పెట్టె పెట్టి, మెట్ల వెంట వైరు లాగి, నన్ను మేడ గదిలో తగిలించాడు. మా ఇద్దరికీ ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డ్. "ఫోను తనంతట తనే దీన్నుంచి దానికి మారిపోద్దండి, అక్కగారూ."

"మారేటప్పుడు మధ్యలో జారిపోదు కదా?" అంది ఆవిడ, చంటిపిల్లని ఎవరికో అందిస్తున్నట్టు.

తొందరలో అతను ఒకటి మరిచిపోయాడు. కబురు దారి తప్పకుండా ఇంట్లో ప్రతి ఫోనుకీ ఒక చిరునామా ఇవ్వాలి. ఇన్నాళ్ళూ ఆ పని నాది. ఇప్పుడు కొత్తదీ ఇస్తోంది, అలవాటు కొద్దీ నేనూ ఇస్తున్నాను. పైగా మా ఇద్దరి సొంత చిరునామా కూడా ఒకటే. ఎవరి కబురు ఎవరికి చేరుతోందో తెలియదు.

మూడో రోజు సాయంత్రం నాలుగింటికి తల్లి ఫోనులో నూట ఇరవై ఆరు. నాలుగుంపావుకీ అదే. "ఇంతసేపు ఒక్క అంకె మీద ఉండదే" అనుకుని, జాకెట్టు మిషను మీదే వదిలేసి పరిగెత్తుకొచ్చింది. పిల్ల నుదురంతా చెమట, వేళ్ళలో పెన్ను వణుకుతోంది. టెస్టు రాసుకుంటూ ఫోను సైలెంట్లో పెట్టుకుంది, అంకె దిగిందని అది చెప్పినా వినపడలేదు. ఆవిడ కొంగున కట్టుకున్న గ్లూకోజు పొట్లం విప్పి, నీళ్ళలో కలిపి తాగించింది. పావుగంటకి పిల్ల తేరుకుంది. ఆవిడ పిల్లని కిందికి దించేద్దామని పుస్తకాలు సర్దడం మొదలెట్టింది.

"అమ్మా, ఒక్కసారి వీరబాబన్నని పిలువు. అప్పటికీ కాకపోతే నేనే దిగిపోతా."

మర్నాడు పొద్దున్నే వచ్చి అతను ఫోనులో ఏవో చూసి తల పట్టుకున్నాడు. "తప్పు నాదేనండి. రెండూ పెత్తనం చేస్తున్నాయి. పైదానికి పెత్తనం తీసేస్తాను. చిరునామాలు కిందదే ఇస్తది. ఇది అందిస్తది, అంతే."

"మరి దీనికి విలువేం ఉంటుంది?" అంది పుష్పవల్లి, ఎందుకో నా తరఫున.

"అందకపోతే తెలుస్తదండి, విలువ."

పెత్తనం పోయాక నన్ను ఎప్పుడు పారేస్తారోనని నాకు దడ పట్టుకుంది. అతను నా చిరునామా మార్చాడు. మా మాటలు ఒకదానికొకటి అడ్డుపడకుండా చెరో దారీ చూపించాడు. అప్పుడు తల్లి హాల్లో, కూతురు ఒక్కో మెట్టూ ఎక్కుతూ, వాట్సాప్‌లో మాట్లాడుకుంటూ పరీక్ష చేశారు.

"వినపడుతున్నానా?"

"ఊఁ."

"ఇప్పుడో?"

"ఊఁ."

ఏడో మెట్టు దగ్గర పిల్ల ఫోను కొత్తదాని చెయ్యి వదిలి నా చెయ్యి పట్టుకుంది. నేను దాని మాట వైరులోకి అందించాను.

"ఇప్పుడో?"

"వినపడుతున్నావు తల్లీ, అరవకు."

గది పిల్లకే దక్కింది. ఆవిడ ఎక్కడం మాత్రం మానలేదు, కాకపోతే ఏడో మెట్టు దాకానే. అక్కడ ఆవిడ ఫోను నాకు తగులుతుంది. పైన పేజీ తిప్పిన చప్పుడు విని, అంకె చూసుకుని దిగిపోతుంది. మొదట రోజుకి ఇరవైసార్లు, తరవాత పది, ఆ తరవాత నాలుగు.

నిన్న మధ్యాహ్నమంతా ఆవిడ ఫోను నాకు తగల్లేదు. రెండైంది, మూడైంది. మిషను చప్పుడూ లేదు. ఏమైందో. ఆవిడ కింద ఎక్కడైనా జారి పడిందేమో, లేపేవాళ్ళు కూడా లేరే. పిల్లేమో తలెత్తకుండా చదువుకుంటోంది. నేను పిలవలేను, అందించడమే నా పని.

నాలుగింటికి కింద నుంచి వైరులో చిన్న కదలిక. ఆవిడ ఫోను అంకె అడుగుతోంది. నూట పద్దెనిమిది. అందించాను. కునుకు పట్టిందేమో, కాసేపటికి కింద మిషను మొదలైంది. అది రెండు జాకెట్లకి సరిపడా ఆడేదాకా నాకు కుదురు చిక్కలేదు.