కుడివైపు గుడ్డ

లమ్దువాన్ పాటల మేళంలో నాయిక. జనం ఆమె పాట కంటే ముందు ఆమె రొమ్ము చూసేవారు. మొగుడు బున్లెట్ అదే మేళంలో వెదురు గొట్టాల ఖేన్ ఊదేవాడు. పెళ్లాంది తమ పొలంలో పండిన జిగురు బియ్యం తిన్న ఒళ్లని, అందులో బ్యాంకాక్ సరుకేమీ లేదని తాగిన చోటల్లా చెప్పేవాడు.

ఉంది. పెద్ద మేళంలో చోటు దొరకాలంటే తప్పదని పట్టుబట్టి సిలికాన్ సంచులు పెట్టించింది అతనే.

ఎనిమిదేళ్లకు ఎడమ రొమ్ము వాచింది. దెబ్బ లేదు, జ్వరం లేదు. లోపల నీరు ఊరినట్టు బిగిసింది. ఆస్పత్రికి పోదామంది. బున్లెట్ కుడివైపు గుడ్డ మడిచి పెట్టుకోమన్నాడు. రెండు వైపులా సమానమైంది. మెచ్చినవాళ్లు నోట్ల దండలు ఆమె రవికెకు పిన్నులతో గుచ్చేవారు. నవ్వుతూనే పళ్లు బిగించేది.

చివరికి దగ్గరి ఆస్పత్రికి తీసుకెళ్లాడు. నర్సు వాళ్ల ఊరి పిల్లే. రొమ్ముకు ఎప్పుడైనా ఆపరేషన్ జరిగిందా అని డాక్టరు అడిగాడు. లమ్దువాన్ మొగుడి వైపు చూసింది. నర్సూ చూసింది.

"లేదండీ" అన్నాడు బున్లెట్.

డాక్టరు మాత్రలు రాసి, స్కానింగుకు మళ్లీ రమ్మన్నాడు. వెళ్లలేదు. అది ఊరూరా ఆటలుండే కాలం.

చంకలో గడ్డ తేలాక పట్నం వెళ్లారు. అక్కడి డాక్టరమ్మ సూదితో నీరు తీసి పరీక్షకు పంపింది. లింఫోమా అని తేలింది. సంచి చుట్టూ ఒళ్లు అల్లుకున్న పొరలో పుట్టిన క్యాన్సర్. అరుదైనదే గానీ, ఏళ్ల తర్వాత ఒక పక్క వాస్తే దాన్ని అనుమానించాలంది. నీరుగా ఉన్నప్పుడే వస్తే, సంచినీ పొరనూ తీసేస్తే చాలామందికి నయమవుతుందంది. ఎందుకు ఆలస్యం చేశారని అడిగింది.

ఎండాకాలంలో లమ్దువాన్‌ను దహనం చేశారు.

వానలు వెలిశాక మేళం మళ్లీ కదిలింది. కొత్త నాయిక పింకేవ్ తెర వెనక రవికెలో రుమాలు మడిచి పెట్టుకోవడం బున్లెట్ చూశాడు. ఒక పక్కకే పెట్టింది.

"రెండోది వాచిందా?"

"మెల్లగా బాబాయ్, వింటున్నారు."

"విననీ. నీది సిలికానేనా?"

డోలు వాయించేవాడు కిసుక్కుమన్నాడు. "అందరికీ నీ పొలం బియ్యం దొరకాలిగా, బాబాయ్."

బున్లెట్ తల దించుకున్నాడు. "లమ్దువాన్‌దీ సిలికానే. నేనే పెట్టించాను. డాక్టరు అడిగితే లేదన్నాను."

నవ్వు ఆగిపోయింది. పింకేవ్ ఇంకా రుమాలు సర్దుకుంటూనే ఉంది. ఇంతమందిలో సిగ్గు తీశావని గొణిగింది.

"సిగ్గుపడింది నేను. కాలిపోయింది లమ్దువాన్. సంచులున్నాయని డాక్టరుకు ముందే చెప్పు. ఆ నీరు పరీక్ష చేయించమను."

ఆమె చేయి ఆగింది. రుమాలు లాగి పెట్టెలో పడేసింది. వంకర రవికెతోనే వేదిక ఎక్కింది. ముందు వరసలో ఎవరో ఈల వేశారు. బున్లెట్ తల ఎత్తకుండా ఊదాడు.

పొద్దున్నే ఆమె పట్నం బస్సు దగ్గర కనిపించింది. తోడు వస్తానన్నాడు.

"నువ్వొద్దు బాబాయ్" అంది పింకేవ్. "డాక్టరు అడిగితే నేనే చెప్పుకుంటాను."