మందు కొట్టే రోజు

పొద్దున దానిమ్మ పూతకు మందు కొడతానని పక్క తోటాయన ముందురోజే కబురు పెట్టాడు. అది తెలిసి మా మరిది సెలవు పెట్టి వచ్చేశాడు. అతను వస్తున్నాడని విని ఆడపడుచు కూడా వచ్చింది.

నా భర్త పోయేనాటికి పెరటి గోడ పక్కన తేనెటీగల పెట్టెలు వరసగా ఉండేవి. తర్వాతి నెలల్లో ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. మూత తీస్తే అడుగున గుప్పెడు ఈగలు చచ్చిపడి ఉండేవి. మిగిలినవి ఏమయ్యాయో తెలిసేది కాదు. ఇప్పుడు ఒక్క పెట్టెలోనే ఈగలున్నాయి. ఆయన చేతులమీద పెరిగినవాటిలో అదే ఆఖరిది. దాన్ని పోనివ్వకూడదు. అంతకుమించి నాకు వేరే ఆలోచన లేదు.

మరిది వస్తూనే పెరట్లోకి వెళ్ళి పెట్టె వాకిలిని స్పాంజితో మూశాడు. పైన ప్లాస్టిక్ పట్టా కప్పి తాడు బిగించాడు.

"తుంపర ఒక్క చుక్క లోపలికి పోదు వదినా. సాయంత్రం విప్పుదాం."

సరేనన్నాను. టీ పెట్టాను. ఆ టీ తాగకుండానే వాళ్ళు మొదలుపెట్టారు.

"రేపు తేనెటీగల పెంపకందార్ల సంఘంలో, మందుతో ఈగల్ని చంపాడని తోటాయన మీద ఫిర్యాదు చేస్తున్నా. వదిన వచ్చి నోటితో చెబితే చాలు," అన్నాడు మరిది.

"ఏం చెబుతుందిరా? చూసిందా?" ఆడపడుచు రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. "చచ్చిన ఈగల్ని నేను మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. ఒంటినిండా ఎర్ర పేలు. పేలు పట్టి చచ్చాయి."

"అన్నయ్య ఉన్నప్పుడూ పేలు ఉండేవక్కా. అప్పుడు చావలేదేం?"

"అప్పుడు అన్నయ్య చూసుకునేవాడు."

"అంటే వదిన చూసుకోలేదనా?"

"నేననని మాట నాకు అంటగట్టకు. అయినా పోయినసారి సెల్‌ఫోన్ టవరు అన్నావుగా, అదేమైంది?"

"మనిషన్నాక అభిప్రాయం మార్చుకోడా?"

"మార్చుకుంటాడు. టవరుతో పోట్లాడలేక తోటాయన మీద పడ్డావు."

నేను కప్పులు తీశాను. నిండుగా ఉన్నాయని చూసి మళ్ళీ అక్కడే పెట్టాను. ఆయన పోయాక కూడా ఇదే బల్ల దగ్గర వీళ్ళిద్దరూ ఇలాగే మాట్లాడుకున్నారు. ఆఫీసు ఒత్తిడి చంపేసిందని అతను, బీపీ మాత్రలు మానేశాడని ఆమె. చివర్లో ఇద్దరూ నావైపు చూశారు. ఏదో ఒకటి తేలితే బాగుండునని అప్పుడు నాకూ అనిపించింది.

కూర్చోలేక వంటింట్లోకి వెళ్ళాను. గిన్నెలు ఒకచోటి నుంచి తీసి ఇంకోచోట పెట్టాను. తోటలో మోటారు మొదలైంది. కిటికీ దగ్గర నిలబడితే మోటారు మోతలో కలిసి పెరట్లోంచి ఇంకో చప్పుడు వినిపించింది. టీచరు లేని తరగతి గదిలా ఉంది. మా పెట్టె ఎప్పుడూ అలా మోగదు.

వెళ్ళి పట్టా మీద చెయ్యి పెట్టాను. కాలింది. ఎండ సరిగ్గా దానిమీదే పడుతోంది. ప్లాస్టిక్ లోపలివైపు నీటి చుక్కలు కట్టాయి.

కత్తెర కోసం వెతక్కుండా వంటింట్లోంచి కూరగాయల చాకే తెచ్చి తాడు కోస్తుంటే మరిది పరుగెత్తుకొచ్చాడు.

"వదినా, తీయకు! మోటారు వినబడట్లేదా? బయటికెళ్తే చస్తాయి!"

"లోపలున్నా చస్తాయి."

"ఎండలో మూసేశావా?" ఆడపడుచు గుమ్మంలోంచే అరిచింది. "గాలి ఎట్లా ఆడుతుందిరా?"

"నాకేం తెలుసు! తుంపర గురించే ఆలోచించా."

స్పాంజి లాగేశాను. తడిసిన ఈగలు ముద్దగా కిందపడ్డాయి. వాటి వెనక బతికున్నవి బిలబిలా వచ్చి పెట్టె ముఖమంతా పాకాయి. కొన్ని లేచి గోడ దాటాయి.

నేను ఇంటి చెప్పులతోనే తోటలోకి పరుగెత్తాను. తోటాయన నన్ను చూసి మోటారు ఆపాడు, ముఖానికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగాడు.

"ఏంటమ్మా?"

"ఈగలు బయటికొచ్చేశాయి. అవి గూటికి చేరాక, సాయంత్రం కొట్టగలరా?"

"అయ్యో, ముందే చెప్పొచ్చుగా! సార్ ఉన్నప్పుడు ఆయనే వచ్చి అడిగేవారు, పొద్దు గూకాకే కొట్టేవాణ్ణి. ఆయన పోయాక ఎవరూ రాలేదు. నిన్న మీ మరిదిగారేమో ఫోన్లో, పెట్టె మూసేస్తాం, మీ ఇష్టం అన్నారు."

"ఇప్పటికి ఎంతవరకు అయింది?"

"గోడ పక్క రెండు వరసలు. మిగతాది సాయంత్రమే కొడతాను."

"ఆ రెండు వరసలు?"

ఆయన పూలవైపు చూశాడు. "కొట్టింది వెనక్కి తీసుకోలేనుగా అమ్మా."

నేను తిరిగి వచ్చేసరికి మరిది పెట్టెకు గొడుగు పట్టుకొని నిలబడ్డాడు. ఆడపడుచు కిందపడ్డ ఈగల్ని ఆకుతో ఎత్తి నీడలో పెడుతోంది.

"కాస్త ఎడంగా నిలబడు, గాలి రానీ," అంది తమ్ముడితో.

"నిలబడ్డానుగా!" అని, అతను నావైపు తిరిగాడు. "వదినా, రేపు సంఘంలో ఏం చెప్పమంటావు?"

"మందు ఎవరు కొట్టినా సాయంత్రమే కొట్టాలని అడుగు. వస్తూ వస్తూ అక్క చెప్పిన ఆ పేలకు మందు పట్రా."

"మరి ఇన్ని పెట్టెలు దేనివల్ల పోయాయంటే?"

"నాకు తెలీదయ్యా."

ఆడపడుచు ఇంకో ఈగను ఆకుమీదికి ఎక్కించింది.

గోడమీదుగా ఒక ఈగ వచ్చి వాకిలి పలకమీద వాలింది. కాళ్ళకు పుప్పొడి ఉంది. మందు పడ్డ వరసలోంచి తెచ్చిందో, పడని వరసలోంచి తెచ్చిందో చూసి చెప్పలేం. అది లోపలికి వెళ్ళింది. మరిది కుర్చీ తెచ్చి వేశాడు గానీ నాకు కూర్చోబుద్ధి కాలేదు. గోడవైపు చూస్తూ అక్కడే అటూ ఇటూ తిరిగాను.