కళ్ళతో అందించిన జవాబులు

“పరీక్ష దగ్గర దాన్ని ఊరికే కూర్చోబెట్టకు, కాస్త బాగా చేయించు” అంది అత్తగారు, కోడలు తన కూతురు గువ్వ జుట్టుకు రిబ్బను కడుతుంటే చూస్తూ.

గువ్వకు త్వరలో మూడేళ్ళు నిండుతాయి. నోట ఒక్క మాట రాలేదు, చెప్పింది అర్థమవుతున్న జాడా లేదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. “మా వైపు ఇలాంటివాళ్ళెవరూ లేరు” అని భర్త ఓసారి ఫోన్లోంచి తలెత్తకుండా అన్నాడు. అంటే ఎవరి వైపునుంచి వచ్చినట్టో వేరే చెప్పక్కర్లేదు. ఆనాటినుంచి ఇంటికి చుట్టాలొస్తున్నారంటే ఆమెకు గుండెల్లో రాయి పడేది. అందుకే వండుతూ, గిన్నెలు తోముతూ, బట్టలు మడతపెడుతూ పిల్లకు ఒక విద్య నేర్పింది. “బంతి ఏది?” అని అడిగి తను బంతి వైపు చూసేది. గువ్వ ఆ చూపు పట్టుకుని బంతి తీసేది. చెంచా వైపు చూస్తే చెంచా. చుట్టాలు ముచ్చటపడిపోయేవారు. “చూశావా, నీదంతా అనవసరపు భయం” అనేది అత్తగారు. కొన్నాళ్ళకు ఆమె కూడా నమ్మింది. నమ్మకపోతే నిద్ర పట్టేది కాదు మరి.

పరీక్ష గదిలో ఓ పొట్టి బల్ల, దాని మీద బొమ్మలు. పిల్లలకు మాటలు నేర్పే థెరపిస్టు నెమ్మదస్తురాలు. “మూడేళ్ళలోపు పిల్లలకైతే మావాళ్ళే వారం వారం ఇంటికొచ్చి నేర్పుతారమ్మా. కానీ తోటి పిల్లలకంటే బాగా వెనకబడినట్టు ఇక్కడ తేలాలి. వయసు దాటితే మా చేతుల్లో ఉండదు” అంది.

“మాకంత అవసరం లేదండి. డాక్టరుగారు పంపారని వచ్చాం” అన్నాడు భర్త. సెలవు పెట్టి రావడమే మహోపకారమన్నట్టు కుర్చీలో వెనక్కి వాలాడు.

“బంతి ఇవ్వమ్మా” అంది థెరపిస్టు. అలవాటుకొద్దీ తల్లి చూపు బంతి మీదికి పోయింది. గువ్వ బంతి ఇచ్చింది. కప్పు అడిగితే కప్పు ఇచ్చింది.

థెరపిస్టు నవ్వింది. “అర్థం బాగానే చేసుకుంటోందే. ఇలాగే చేస్తే మా సాయం అవసరం లేదనే చెప్పాల్సొస్తుంది.”

“నేను చెప్పలేదూ” అన్నాడు భర్త.

ఇంటి పరువు కాపాడానని ఆమె ఇన్నాళ్ళూ మురిసింది, తీరా చూస్తే పిల్ల నోటి దగ్గరి కూడు తనే లాగేస్తోంది. రేపు బడిలో గువ్వ ఎవరి కళ్ళలోకి చూస్తుంది? రోడ్డు మీద ఎవరైనా ఆగమని అరిస్తే? నిజం చెబితే ఇంటికెళ్ళాక ఏం జరుగుతుందో కూడా ఆమెకు తెలుసు. నా బిడ్డకు మాట అర్థం కాదని తన నోటితో తనే అనాలి. అన్నిటికన్నా ఆ మాటకే ఆమె హడలిపోయింది.

“చివరగా ఒక్కటి” అంది థెరపిస్టు.

“ఆగండి” అంది ఆమె. “దానికి అర్థం కావట్లేదు. నేను చూసినవే తీస్తోంది. ఇప్పుడడగండి.” కళ్ళు మూసుకుంది.

“ఏంటా వేషాలు? కళ్ళు తెరువు” అన్నాడు భర్త, పళ్ళ బిగువున.

“బొమ్మ ఏదమ్మా?” అన్న మాట వినిపించింది. బల్ల మీద ఏదీ కదిలిన చప్పుడు రాలేదు. థెరపిస్టు మళ్ళీ అడిగింది. కాసేపటికి చిన్న పాదాల చప్పుడు దగ్గరికొచ్చింది. చిట్టి వేళ్ళు ఆమె మొహం తడిమి, రెప్పలు పట్టుకుని పైకి లాగడం మొదలుపెట్టాయి.

ఆమె కళ్ళు ఇంకా గట్టిగా మూసుకుంది.