దారిపక్క వరస

మా మరిది జుంబెర్ మొహం చూస్తే నాకు తిన్నది అరగదు. ఇది కొత్తేమీ కాదు గానీ, ఈ ఏడు మరీ ముదిరింది.

మా ఆయన పోయాక సపెరావి ద్రాక్షతోట నా చేతికొచ్చింది. చలికాలంలో కొమ్మలు కత్తిరించడం, తీగలు కట్టడం, గుత్తులకు ఎండ తగిలేలా ఆకులు దూయడం, అన్నీ నేనే. ఈ పంట మా అమ్మాయి నాతెలా పెళ్లి వైన్‌కి. వైన్ పులియబెట్టడానికి నేలలో మెడదాకా పాతిన మట్టి బానను నేనే లోపలికి దిగి తోమాను. మా కఖేతీ సీమలో పెళ్లికూతురికి అరువు నగలు పెట్టినా ఎవరూ పట్టించుకోరు. అరువు వైన్ పోస్తే మాత్రం మునిమనవల దాకా చెప్పుకుంటారు.

సపెరావి అంటే రంగద్దేది అని అర్థం. దీని గుజ్జు కూడా ఎరుపే. ఒక్క గుత్తి తింటే నేరేడుపళ్లు మేసినట్టు మూతంతా రంగు. అందుకే మా ఊళ్లో ద్రాక్ష తిన్నవాడు దాగలేడు. దాగాల్సిన పనీ లేదు. దారిపక్క వరస దారినపోయేవాళ్లదని మా అత్తగారి కాలం నుంచీ వస్తున్న మాట. ఎర్రమూతితో ఎవరైనా ఎదురైతే "తియ్యగా ఉందా?" అని అడుగుతాం, అంతే.

జుంబెర్‌కి ఆ మూతులు చూస్తే కడుపుమంట. "మన వైన్ ఊరంతా ఊరేగుతోంది వదినా!" అని ఏడుస్తాడు. ఎంగిలిచేత్తో కాకిని తోలని రకం.

కోతకు ముందు మగపెళ్లివారు తోట చూడ్డానికి వస్తారు. వాళ్లింటి పెద్ద మొదటి వరసలో, అంటే దారిపక్క వరసలోనే, గుత్తి తుంచుకుని తిని దీవిస్తాడు. వాళ్లొచ్చే రోజు పొద్దున్నే తోటకి వెళ్లానా, దారిపక్క వరస ఈ చివర నుంచి ఆ చివరకి నీలంగా, తెల్లగా, పిట్టలు రెట్టలేసినట్టు ఉంది. మైలుతుత్తం, సున్నం కలిపి చీపురుతో చిలకరించాడు మహానుభావుడు. బూజు తెగులుకి మేమూ కొడతాం, కానీ పిందె మీద. కోతకొచ్చిన పండు మీద ఎవడైనా కొడతాడా? గింజల సందుల్లోంచి సున్నం చీములా కారుతోంది. జుంబెర్ చీపురు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

"ఏం చేశావురా?"

"కంగారుపడకు వదినా, తుత్తం చిటికెడే వేశా. ఊరికే బెదురుకి."

"ఇవాళ ఎవరొస్తున్నారో గుర్తుందా?"

"అరెరె! పోనీ, వెనక వరసకి తీసుకుపోదాంలే."

ఆ మాట పూర్తికాకుండానే కారు ఆగింది. పెళ్లికొడుకు తాత ఉషాంగీ గారు దిగి, కర్ర పొడుచుకుంటూ తిన్నగా మొదటి వరస దగ్గరికే వచ్చారు. గుత్తి పట్టుకున్నారు. వదిలేసి వేళ్లు చూసుకున్నారు.

"ఏంటమ్మా ఇది?"

నేను నోరు తెరిచేలోగా జుంబెర్ అందుకున్నాడు. "దొంగల కోసం తాతగారూ."

"దారిపక్క వరసకి దొంగలేంటి నాయనా?"

"విషం కాదులెండి, వట్టి సున్నం."

"అయితే నువ్వో గుత్తి తిను."

జుంబెర్ ఇకిలించాడు. "నాకు పొద్దుట్నించీ కడుపు బాలేదండీ." వాడి పళ్లు చూద్దును కదా, ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. ఊరివాళ్ల నోట సున్నం కొట్టి, తను లోపలి వరసలో పొద్దున్నే మేసొచ్చాడన్నమాట.

ముసలాయనా చూశారు ఆ పళ్లు. జేబురుమాలు తీసి వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకున్నారు.

"నీ కూతురు బంగారం తల్లీ. సంబంధానికేం ఢోకా లేదు. పెళ్లికి వైన్ మాత్రం మేమే తెచ్చుకుంటాం."

ఎంత మర్యాదగా అన్నారో! అంతకంటే చెంప మీద కొట్టినా బాగుండేది. ఏడాది పొడుగునా నేను సాకిన తోట, నా చేత్తో తోమిన బాన, నా కూతురి పెళ్లిలో ఒక్క చుక్కకీ పనికిరావు.

కారు మలుపు తిరిగేదాకా ఆగి జుంబెర్ నా పక్కకి చేరాడు.

"పోన్లే వదినా! పిల్లనీ చేసుకుంటున్నారు, మన వైనూ మనకే మిగిలింది."

తుపుక్కున ఉమ్మాను. ఆ ఎర్రపళ్ల మీద ఉమ్మాల్సింది, నేల మీద ఉమ్మాను. పాపం, నేలేం చేసింది?