రొట్టెలాయన అడుగులు

అయినా ఆ రొట్టెల కొట్టాయన అసలేం మాట్లాడేవాడో ఇన్నేళ్లూ తనకు తెలియనే తెలియదు కదా, అనుకున్నాడు రత్నరాజు. తెలిసిందల్లా భార్య జ్ఞానవతి చెప్పిందే.

టీవీలో పాత జర్మన్ సినిమా నడుస్తోంది. నలుపు తెలుపు బొమ్మ. యుద్ధంలో సగం కూలిన ఊళ్లో ఒక పెళ్లి జరగబోతోంది. కేకుకు గుడ్లు లేవు, గౌనుకు గుడ్డ లేదు, పెళ్లికూతురి తండ్రి, రొట్టెల కొట్టాయనకేమో డాన్స్ రాదు. ఈ పరాయి దేశం వచ్చాక జ్ఞానవతి వాటర్లూ ఊళ్లో ముసలివాళ్ల హోమ్‌లో పనిచేసే రోజుల్లో ఒక జర్మన్ అవ్వ ఈ డిస్క్ ఇచ్చింది. కింద అనువాదం అక్షరాలు పడవు. అందుకని అందరి మాటలూ జ్ఞానవతే పలికేది, అదీ నరసాపురం యాసలో. మంచు కురిసే ఆదివారాలు, చర్చి నుంచి వచ్చాక, కూతురు స్టెఫీని మధ్యలో కూర్చోబెట్టుకుని ముగ్గురూ ఒకే దుప్పటి కింద చేరేవాళ్లు. పాస్టరుకు దగ్గు గొంతు, వియ్యపురాలికి ముక్కు గొంతు. స్టెఫీ నవ్వి నవ్వి సోఫా మీంచి జారిపోయేది.

జ్ఞానవతి పోయి రెండేళ్లయింది. ఇప్పుడు ఆ సినిమాలో వాళ్లంతా జర్మన్‌లోనే మాట్లాడుతున్నారు.

వచ్చే శనివారం స్టెఫీ పెళ్లి. విందులో తండ్రితో కలిసి ఒక పాటకు డాన్స్ చేయాలని ఆమె కోరిక. పొద్దున ఫోన్ చేసింది.

"నో ప్రెషర్ డాడీ. డీజేకి ఈవెనింగ్‌లోగా చెప్పాలి, అంతే."

మన చర్చి సంఘంలో అలవాటు లేదమ్మా అన్నాడు.

"మమ్మీ అయితే అడిగేది కూడా కాదు. నిన్ను లాక్కొచ్చేసేది."

సంఘం ఒక సాకు. ఎవరెవరి పెళ్లిళ్లలోనో ఇలాంటి డాన్సులకు గోడవార నిలబడి చప్పట్లు కొట్టినవాడే తను. భయం వేరే ఉంది. ఆ హాలు మధ్యలో, అంతమంది చూస్తుండగా, జ్ఞానవతి లేని చోట తను నవ్వుతూ దొరికిపోతాడేమోనని.

తెర మీద రొట్టెలాయన తెల్లవారకముందే లేచి, ఎవరూ చూడకుండా పిండి బస్తాను కౌగిలించుకుని డాన్స్ అడుగులు వేస్తూ తిరుగుతున్నాడు. కోటు నిండా పిండి. గుమ్మంలో భార్య నిలబడి చూస్తోంది. ఇక్కడ ఆవిడ అనే మాట రత్నరాజుకు కంఠతా వచ్చు: "కాళ్లు తొక్కితే తొక్కావు గానీ, పిల్ల చెయ్యి మాత్రం వదలకయ్యా."

ఆవిడ పెదవులు కదల్లేదు.

అతను వెనక్కి తిప్పి మళ్లీ చూశాడు. గుమ్మంలో ఆవిడ ఊరికే నిలబడి నవ్వుతోంది, అంతే. ఆ సినిమాలో ఆ మాటే లేదు. ఇన్నిసార్లు చూసి ఇదెలా గమనించలేదు? ఆ ఘట్టం వచ్చినప్పుడల్లా తను చూసింది తెర వంక కాదు, జ్ఞానవతి వంక. ఆమె ఆ మాట అంటూ చూసింది తన వంక.

సినిమా ఆపాడు. వంటింట్లోకి వెళ్లి, సగానికి వచ్చిన గోధుమపిండి సంచిని తీసి భుజానికి ఆనించుకున్నాడు. కుడికాలు ముందుకు వేశాడు.