మైనస్ ఎక్కడ పోయింది

ఇడ్లీకి మినప్పప్పు కడుగుతూ లెక్క నాలుగోసారి మొదలుపెట్టాను. క్లిఫర్డ్ బీజగణితంలో రెండు వేర్వేరు మూలరాశులను అటు గుణిస్తే వచ్చే జవాబే, ఇటు గుణిస్తే మైనస్‌తో రావాలి. అలాంటి రెండు బీజగణితాలను కలిపి పెద్ద మాత్రికలతో చూపించడమే నా పేపరు. ఐదింటికల్లా గుంటూరులో మా గైడుకు పంపకపోతే ఈ ఏడాది నా పీహెచ్‌డీ సెమినార్ లేనట్టే. తీరా చూస్తే మొదటిదాని రాశిని రెండోదాని రాశితో ఎటు గుణించినా ఒకటే జవాబు. మైనస్ లేదు.

"ఏందే భార్గవీ, పప్పు కడుగుతున్నావా, జపం చేస్తన్నావా?" అంది మా అత్త రోశమ్మ.

తప్పు నాదే అనుకున్నాను. కూరలో ఉప్పెక్కువైనా, పిల్లకు మార్కులు తగ్గినా ముందు నాలోనే తప్పు వెతుక్కోవడం పెళ్లయిన ఈ పదకొండేళ్ల అలవాటు. "నీకు కంగారెక్కువే, రెండుసార్లు చూసుకో" అంటారు మా ఆయన హరికృష్ణ. నరసరావుపేటలో ఆయన జూనియర్ కాలేజీ లెక్కల లెక్చరరు. నేను డిగ్రీ కాలేజీలో గెస్టు లెక్చరర్ని. నాది నత్తనడక టైపింగని పేపరంతా ఆయనే టైపు చేశారు. మరి నేను నేర్చుకున్నదంతా తప్పా? మూడేళ్లుగా ఏం చదివినట్టు? ఏమీ అర్థం కాలేదు.

చేయి తుడుచుకుని పాత నోటుబుక్కు తీశాను. రెండో బీజగణితపు రాశుల పక్కన, మొదటిదాని నుంచి తెచ్చిన ఒక మాత్రికను నా చేత్తోనే రాసుకున్నాను. మైనస్ తెచ్చేది అదే. టైపు చేసిన దాంట్లో ఆ చోట, దేన్ని గుణించినా మార్చని యూనిట్ మాత్రిక ఉంది.

హాల్లో ఆయన క్రికెట్ చూస్తున్నారు. నోటుబుక్కులో ఆ మాత్రిక చూపించి, ఇది ఏమైందని అడిగాను.

"అదా? గజిబిజిగా ఉంటే నేనే మార్చా. నీట్‌గా ఉందిగా."

"దాంతోనే మైనస్ పోయిందండీ."

"నువ్వే ఎక్కడో పొరబడుంటావ్. ఇంకోసారి చూసుకో."

నోటుబుక్కు చేతిలో ఉండి కూడా, నిజంగానే ఇంకోసారి చూసుకుందామని వెనక్కి తిరిగాను. నా మీద నాకే భయం వేసింది.

లాప్‌టాప్ వంటింట్లోకి తెచ్చుకుని నా మాత్రికను మళ్లీ పెట్టాను. గుణించాను. మైనస్ వచ్చింది. ఏడుపూ వచ్చింది, ఎందుకో తెలియలేదు.

ఐదుకు పది నిమిషాలుండగా హాల్లోంచి కేక వినబడింది. "పంపే ముందు నాకు చూపించు."

"మీరు చూసినాకే గదండీ తప్పొచ్చింది," అని పంపేశాను.