నాలుగు బండ్ల బండి

...అందుకే దాన్ని అబద్ధమనడం కూడా సరికాదు, అనుకున్నాడు వామన్‌రావు, బండి కింద వెల్లకిలా పడుకుని. అబిడ్స్‌లో ఒక బట్టల దుకాణం ముందు నిలువెత్తు కొయ్యగుర్రం పెట్టారని చెప్పిన సాయంత్రం అక్క ఒక ముద్ద ఎక్కువ తిన్నది. ఆ ముద్ద నిజం. మర్నాడు గుర్రానికి జూలు కావలసివచ్చింది, ఆ తర్వాత మెడలో గంట. చూసినదీ, చూడాలనుకున్నదీ మనసులో ఒకే అరలో పడుంటాయి కాబోలు. చెయ్యి పెట్టి తీసేవాడికి ఏది ఏదో తెలియదు.

తెలియదా? తెలుసు. అబిడ్స్‌లో గుర్రం లేదు.

అతని అక్క విద్యావతి బషీర్‌బాగ్‌లో ఒక ఆడపిల్లల బడిలో టీచరుగా ఉండేది. మెట్ల మీంచి పడి నడుము విరిగినప్పటి నుంచి నాంపల్లిలో ఈ మేడగదే ఆమె ఊరు. కూర్చునే వీలు లేదు కాబట్టి రిక్షా లేదు, టాంగా లేదు. అబిడ్స్‌లో బీమా కంపెనీ గుమాస్తా అయిన తమ్ముడు రోజూ సాయంత్రం వచ్చి బజారు సంగతులు చెబితే వినేది. పడుకోబెట్టి తిప్పడానికి ఒక స్టేషన్ వ్యాగన్ కట్టిస్తానని మాట ఇచ్చింది కూడా అతనే.

ముక్కూ ఇంజనూ పాత మోరిస్ కారువి. వెనక ఇరుసు మిలిటరీ వేలంలో దొరికిన చిన్న వ్యానుది. కిటికీ అద్దాలు బస్సువి. వెనక తలుపు ఏదో అంబులెన్సుది, ఎన్ని పూతలు వేసినా ఎర్ర గుర్తు లోపల్నించి తొంగి చూస్తూనే ఉంది. వీటన్నిటినీ టేకు చట్రంతో కలిపి ఒక్కటి చేసినవాడు మేస్త్రీ పెంటయ్య. ఊళ్లో ఎడ్లబండ్లు చేసి, గౌలిగూడలో బస్సు బాడీలు కట్టి, ఇప్పుడు ఈ మేడ కింది రేకుల షెడ్డులో తేలాడు.

"లేవుండ్రి సారూ," అన్నాడు పెంటయ్య. "బోల్టులు యాడికి పోతయి? ఒకసారి నడిపి చూడుండ్రి."

వామన్‌రావు లేచి, చేతులు తుడుచుకుని, స్టీరింగు ముందు కూర్చున్నాడు. మొదటి గేరు వేసి క్లచ్ వదిలాడు. బండి వెనక్కు పోయి రేకుల గోడను గుద్దుకుంది.

"ముంగటికి, సారూ."

"ముంగటికే వేసిన."

పెంటయ్య వంగి కిందికి చూశాడు. చూసి, నేల మీద చతికిలబడి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

"ఇరుసు బోర్ల పడ్డది సారూ. గందుకే చక్రాలు ఉల్టా తిరుగుతున్నయి. ఎడ్లబండి ఇరుసును ఎట్ల తిరగేసినా ఫికరుండదు గద, గా అలవాటుల నాకు యాదికి రాలే."

మంచం సులువుగా లోపలికి జరగాలంటే వెనక భాగం కిందికి దిగాలనీ, ఇరుసును తిరగేసి బిగించమనీ చెప్పింది వామన్‌రావే. "ఇప్పుడెట్లా?" అన్నాడు.

"మల్ల ఇప్పి ఏసుడే. దీపావళి దాంక అయితది."

వామన్‌రావుకు గుండెల మీంచి బరువు దిగినట్టయింది. దిగడం అతను గమనించాడు. ఎవరిదో నాడి చూస్తున్నట్టు దాన్ని కాసేపు పట్టుకున్నాడు. తిరగెయ్యమన్నప్పుడు తనకు నిజంగా తెలియదా? అంతకుముందు తలుపు సందు ఎక్కువుందని విప్పించాడు. అడుగు చెక్క మోగుతోందని విప్పించాడు. ప్రతిసారీ కారణం సరైనదే. కారణాలన్నీ సరైనవే కావడం ఇప్పుడతనికి బాగున్నట్టు అనిపించలేదు.

మేడ ఎక్కాడు. విద్యావతి కొత్త చీర కట్టించుకుని, జడ వేయించుకుని ఉంది.

"ఏందిరా చప్పుడు? గోడ పడగొట్టినవా?"

"ఇంక తయారు గాలేదక్కా. గేరు ఏస్తే వెనకకు పోతున్నది."

"ముంగటికి అస్సలే పోదా?"

"వెనక గేరు ఏస్తే పోతది. గదొక్కటే. ఎడ్లబండి లెక్క, మెల్లగ."

"నాకేమన్న రైలు అందుకునేదుందా?"

"జనం నవ్వుతరు."

"నవ్వనీ. నేను పండుకోనే ఉంట, నాకు కనపడరు. నీకు కనపడతరు, గది నీ ఖర్మ."

"దీపావళికైతే మంచిగ చేసి..."

"దీపావళి దాంక ఆగితే నీ బండి కంటె ముందు నా పాడె తయారైతది."

వెనకే వచ్చిన పెంటయ్య గడప దగ్గర నవ్వాపుకున్నాడు. "అబిడ్స్ దాంక ఇంజనుకు ఏం గాదు సారూ. అమ్మను పట్టుండ్రి."

ఇద్దరూ పరుపుతో సహా ఆమెను కిందికి దించి బండిలోకి జరిపారు. వెనక అద్దంలోంచి ఆకాశం కనిపించేలా తల అటు పెట్టమంది. పెట్టారు. ఒక మబ్బు ఆ అద్దం దాటిపోయేదాకా ఆమె చూసింది.

"ముందుగాల గా గుర్రం కాడ ఆపు," అంది తర్వాత. "గంట ఇత్తడిదన్నవు ఒకసారి. ఇంకోసారి వెండిదన్నవు. చూస్తగద."

వామన్‌రావు ఇంజను స్టార్టు చేశాడు. పెంటయ్య షెడ్డు తలుపులు బార్లా తీశాడు. ఎదురుగా ఆదివారం పొద్దుటి వీధి, ఆ చివర అబిడ్స్ వైపు మలుపు. గుర్రం లేని చోట బండి ఆగినప్పుడు ఆమె ఏమంటుందో ఊహించబోయాడు. ఇన్నేళ్లుగా ఆమె తలలోకి వస్తువులు చేరవేసినవాడికి, అక్కడ ఇప్పుడేముందో అందలేదు. తాను చెప్పిన మిగతా దుకాణాలు, మనుషులు, వానలు కూడా ఆ గుర్రంతోనే పోవచ్చు. రేపు సాయంత్రం ఏం చెప్పినా ఆమె వినకపోవచ్చు.

ఇప్పుడే చెప్పేద్దామనిపించింది. కానీ నోరు తెరిస్తే, ఆ గుర్రాన్ని మొన్ననే తీసేశారన్న మాట వస్తుందని అతనికి తెలుసు. ఆ మాట అప్పటికే నాలుక మీద తయారుగా ఉంది.

నోరు తెరవలేదు. క్లచ్ తొక్కి, గేరు రాడ్డును వెనక గేరులోకి తోశాడు.